నిమిషం వీడియోలో నర్సమ్మ

ఫోనులో నర్సు మూడు వేషాల్లో కనిపిస్తుంది. మే 12న, నర్సుల దినోత్సవం నాడు, ఆమె దేవత: చేతిలో దీపం, తెల్లచీర, వెనక వీణ సంగీతం. మే 13 నుంచి రాక్షసి: ఏదో సర్కారు దవాఖానలో ఎవరో గొడవపడుతూ తీసిన వీడియో, కింద ఎర్రక్షరాలతో ‘నర్సుల నిర్లక్ష్యం’. ఈ ఇద్దరి మధ్య కామెడీ రీల్‌లో మూడో ఆమె ఉంటుంది. సూది పట్టుకుని వయ్యారంగా నడిచొస్తే మంచం మీది ముసలాయనకు బీపీ పెరుగుతుంది, మనం నవ్వాలి. గద్వాల కోట నీడలో కూర్చుని చూసినా, వనపర్తి రాజావారి ప్యాలెస్ ఎదుట చూసినా, నాగర్‌కర్నూల్ బస్టాండులో అచ్చంపేట బస్సు కోసం ఎదురుచూస్తూ చూసినా వేషాలివే. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చి పొద్దున ఎనిమిదింటికి ఇంటికి పోయే ఉద్యోగి మాత్రం ఆ తెర మీద అరుదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2012లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం జసింటా కెల్లీ, జెరార్డ్ ఫీలీ, రోజర్ వాట్సన్ అనే పరిశోధకులు యూట్యూబ్‌లో నర్సుల మీద అందరూ ఎక్కువగా చూసిన పది వీడియోలను తీసుకుని పరిశీలించారు. వాటిలో వాళ్లకు ముగ్గురు నర్సులు దొరికారు: పని తెలిసిన నిపుణురాలు, శృంగార వస్తువు, బుర్రలేని మనిషి. మన దగ్గర దేవత అదనం. పండగ లేకపోతే మనకు తోచదు కదా.

అమెరికాలో గాలప్ సంస్థ ఏటా ఏ వృత్తివాళ్ల నిజాయితీని ఎంత నమ్ముతారో జనాన్ని అడుగుతుంది. 1999లో ఆ జాబితాలో నర్సులను చేర్చినప్పటి నుంచి మొదటి స్థానం వాళ్లదే; 2001లో ఒక్కసారి మాత్రం అగ్నిమాపక సిబ్బందికి పోయింది. సర్వేవాళ్లు అడిగితే నమ్మకం, ఒంటరిగా ఫోను తెరిస్తే వెక్కిరింత. మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటేనని దీన్నిబట్టి తృప్తిపడవచ్చు.

దేవతకూ రాక్షసికీ వయ్యారికీ పైకి పొంతన కుదరదు. కానీ ముగ్గురూ కలిసి చేసే పని ఒకటుంది. ఈ వార్డులో ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులున్నారన్న ప్రశ్న మన నోటికి రాకుండా చూస్తారు. దేవతకు అలసట ఉండదు కాబట్టి ఒక్కతే చాలు. రాక్షసి ఎంతమంది ఉన్నా దండగే. వయ్యారి ఉన్నది నవ్వించడానికి. ఆ ప్రశ్న దగ్గరికి నెమ్మదిగా వెళ్దాం. అంతకుముందు అసలు ఆ ఉద్యోగం ఏమిటో తెలియాలి.

ఏమీ జరగకుండా చూసే పని

నర్సు పని అంటే సూది వేయడం, గ్లూకోజు సీసా మార్చడం అని మనలో చాలామంది లెక్క. సూది వేయడానికి అర నిమిషం పడుతుంది. దానికి ముందు ఆమె అయిదు సంగతులు సరిచూసుకోవాలి: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. నరానికి ఎక్కించాల్సింది కండకు పోకూడదు. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలున్నప్పుడు ఒకరి మందు ఇంకొకరికి పోకూడదు. పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్, పల్లెల్లో ఇద్దరితో ఆగితే అదృష్టమే.

పక్షవాతం వచ్చి కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. కాన్యులా పెట్టిన చెయ్యి వాచిందేమో చూడాలి. మూత్రం ఎంత వచ్చింది, నీళ్లు ఎన్ని పోయాయి రాయాలి. కాన్పు గదిలో బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ సూది పడాలి. తర్వాత రెండు గంటలూ రక్తం ఎంత పోతోందో, గర్భసంచి గట్టిపడిందో లేదో చేత్తో తడుముతూ చూడాలి. గంటలోపు బిడ్డకు తల్లిపాలు పట్టించాలి. షిఫ్టు మారేటప్పుడు ఇదంతా వచ్చే ఆమెకు మంచం మంచానా అప్పజెప్పాలి.

ఇవన్నీ సరిగ్గా జరిగితే ఏమవుతుంది? ఏమీ కాదు. పుండు పడదు, సెప్టిక్ కాదు, బాలింత రక్తం పోయి చనిపోదు, మందు తారుమారు కాదు. జొన్నచేనుకు మంచె మీద కావలి కాసినవాడి పరిస్థితే ఇది: పిట్టలు కంకులు తినకపోతే పంట బాగా పండిందంటారు, తింటే వాడు నిద్రపోయాడంటారు. కెమెరా జరిగినదాన్ని పట్టగలదు. జరగకుండా ఆగినదాన్ని పట్టే కెమెరా ఇంకా మార్కెట్లోకి రాలేదు.

కాన్పుల లెక్క తీసుకోండి. 2019-21లో చేసిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లు; ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 81. మొత్తం కాన్పుల్లో సిజేరియన్ల వాటా ఆ సర్వేలో ఇంత ఎక్కువగా దేశంలో ఏ రాష్ట్రంలోనూ లేదు. దీన్ని తగ్గించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి 2017లో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఏడాదిన్నర చదువు. తల్లి పక్కన గంటలకొద్దీ కూర్చుని, నొప్పులు పడనిచ్చి, కోత లేకుండా కాన్పు చేయించే విద్య అది. దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు 2018 డిసెంబరులో వచ్చాయి, అంటే తెలంగాణ ఒక అడుగు ముందే ఉంది. ఇలాంటి కాన్పులో కత్తి కనపడదు, అరుపులుంటాయి కానీ అవి వైరల్ కావు. ఆరుగంటలు ఓపికపట్టిన వీడియోను ఎవరు చూస్తారు?

నలభై సెకన్లను విప్పి చూద్దాం

ఇప్పుడు ఒక వీడియోను ఊహించుకుందాం. ఇది ఏ ఊరిదీ కాదు, అన్ని ఊళ్లదీ. రాత్రి పది దాటింది. ఫోను పట్టుకున్న కొడుకు గొంతు వినిపిస్తుంది: “అరగంట సంది పిలుస్తున్నం, ఒక్కరు పలుకుతలేరు. మా అమ్మకు ఆయాసమైతున్నది. జూడుండ్రి, కూసొని రాసుకుంటున్నది.” బల్ల దగ్గర ఒకామె తలెత్తి, “వస్తున్నా అని చెప్పిన గదా, జర ఆగుండ్రి” అంటుంది. అంతే. నలభై సెకన్లు. కింద వ్యాఖ్యల్లో ఆమె జీతం, కులం, పెంపకం, ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్న ప్రభుత్వం అన్నీ చర్చకు వస్తాయి. తల్లి ఆయాసం తగ్గిందా అని మాత్రం ఒక్కరూ అడగరు.

ఇందులో ముందు తేల్చుకోవలసింది ఆమె ఎవరన్నది. దవాఖానలో యూనిఫాం వేసుకున్న ఆడమనిషి ప్రతి ఒక్కరూ మన లెక్కలో నర్సే. నర్సింగ్ విద్యార్థిని, ఏఎన్‌ఎం, ల్యాబ్ టెక్నీషియన్, రోగిని బండి మీద తోసుకెళ్లే పేషెంట్ కేర్ సిబ్బంది, ఊడ్చే ఆయమ్మ, అందరూ. కాన్పు కాగానే “మగపిల్లగాడు పుట్టిండు, ఏమన్న ఇయ్యుండ్రి” అని చెయ్యి చాచింది ఎవరైనా సరే, ఇంటికెళ్లాక “నర్సులు పైసలు గుంజిన్రు” అవుతుంది. నర్సులెవరూ చెయ్యి చాచరని కాదు. చాచింది ఎవరో తెలుసుకుంటే ఫిర్యాదు సరైన చోటికి పోతుంది.

తర్వాత, ఆమె ఏం రాస్తోంది? కేస్ షీటు, మందుల రిజిస్టరు, షిఫ్టు అప్పగింత పుస్తకం. నర్సింగ్‌లో రాయని పని చేయనట్టే లెక్క. రేపు ఏదైనా తేడా వస్తే విచారణ అధికారి అడిగేది ఆమె ఎంత చెమటోడ్చిందని కాదు, ఎన్ని గంటలకు సంతకం పెట్టిందని. అందుకని రోగి దగ్గర ఉండాల్సిన సమయంలో కొంత కాగితం దగ్గర గడుస్తుంది. కంప్యూటరు వచ్చాక కాగితం తగ్గుతుందన్నారు. ఇప్పుడు రెండిట్లో రాస్తున్నారు.

ఇక ఆయాసానికి మందు సంగతి. డాక్టరు ఉత్తర్వు లేకుండా నర్సు తన ఇష్టానికి మందు ఇవ్వలేదు. ఆమె డాక్టరుకు ఫోను చేసి ఎదురుచూస్తూ ఉండవచ్చు, ఆయన కాన్పు గదిలోనో క్యాజువాలిటీలోనో ఉండవచ్చు. కానీ డాక్టరు రోజుకు రెండుసార్లు రౌండుకు వస్తాడు, నర్సు ఇరవైనాలుగు గంటలూ కళ్లెదుట ఉంటుంది. కోపం కనిపించేవాళ్ల మీదే దిగుతుంది. మందులు రాకపోయినా, స్కానింగు పాడైనా, డాక్టరు సెలవులో ఉన్నా దవాఖాన తరఫున మాటలు పడే బాధ్యత నర్సుదే. ఉద్యోగ నియామక పత్రంలో మాత్రం ఈ వాక్యం ఉండదు.

చివరగా, ఫ్రేములో లేనిదేమిటి? పక్క వార్డులో ఫిట్స్‌తో కొట్టుకుంటున్న ఇంకొకరు ఉన్నారా? ఆ రాత్రి ఆ అంతస్తుకంతా ఆమె ఒక్కతేనా? ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆమె నిజంగానే నిర్లక్ష్యం చేసి ఉండవచ్చు కూడా. నలభై సెకన్లలో ఈ రెండింటికీ తేడా తెలియదు. తీర్పు మాత్రం వచ్చేస్తుంది.

మూడుకు ఒకటి, తొమ్మిదికి ఒకటి

ఇక లెక్క. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ప్రతి మూడు పడకలకు ఒక నర్సు ఉండాలి. బోధనాసుపత్రి కానిచోట అయిదు పడకలకు ఒకరు. సెలవులకూ వారపు విశ్రాంతికీ ఇంకో 30 శాతం అదనం. వినడానికి ఘనంగా ఉంటుంది. కానీ రోజుకు మూడు షిఫ్టులు. మూడుకు ఒకటిని మూడు షిఫ్టులకు పంచితే ఏ వేళనైనా తొమ్మిది మందికి ఒకరు. అయిదుకు ఒకటిని పంచితే పదిహేను మందికి ఒకరు. పోస్టులన్నీ భర్తీ అయి, ఎవరూ ప్రసూతి సెలవులో లేక, ఎవరినీ డిప్యుటేషన్ మీద వేరేచోటికి పంపకుండా ఉంటేనే ఆ లెక్క. వార్డులో నేల మీద పరుపు వేసుకున్నవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

ఈ లెక్క గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు ప్రత్యేకంగా ఎందుకంటే, ఈ మూడు ఊళ్లలో ఆసుపత్రి బోర్డులు ఈమధ్యే మారాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో చెరో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకు 50 సీట్లతో వచ్చింది. వైద్య కళాశాల వస్తే దానికి అనుబంధమైన ఆసుపత్రి బోధనాసుపత్రి అవుతుంది. అంటే నర్సింగ్ కౌన్సిల్ కొలబద్ద ప్రకారం అయిదుకు ఒకరు సరిపోయిన చోట మూడుకు ఒకరు కావాలి. బోర్డు రాయడానికి పెయింటరు చాలు, పోస్టు మంజూరుకు ఆర్థిక శాఖ కావాలి.

రోగులు కూడా పెరిగారు. 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చింది: సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు. నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో మొత్తం కాన్పుల్లో దాదాపు 30 శాతం ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగేవి; అయిదో సర్వే నాటికి దాదాపు సగం. అంతకుముందు అలంపురం వైపు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికో, అప్పు చేసి ప్రైవేటుకో పోయిన బాలింతలు సొంత జిల్లా గడప తొక్కారు. ఇది మంచి వార్తే. ఆ మంచి వార్త భారం మోసిన చేతులు ఎవరివో కిట్టు డబ్బా మీద అచ్చు వేయలేదు, అక్కడ వేరే బొమ్మ ఉండేది.

రోగులు పెరిగి నర్సులు పెరగకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులను పరిశీలించింది. ఒక్కో నర్సు చూసుకోవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, శస్త్రచికిత్స కోసం చేరిన రోగి నెల రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. అక్కడి ఆసుపత్రులు వేరు, మన ఆసుపత్రులు వేరు, నిజమే. మన దగ్గర నర్సుకు రోగులు తక్కువ కాబట్టి ఈ లెక్క వర్తించదని ఎవరూ అనలేరు కదా.

అందుచేత ‘నర్సులు విసుక్కుంటారు’ అనే ఫిర్యాదులో నిజముంది. పదిహేను మందిని చూడాల్సిన మనిషి ముప్పై మందిని చూస్తే రాత్రి రెండింటికి మాట మెత్తగా రాదు. మెత్తగా మాట్లాడడం నేర్పడానికి శిక్షణ తరగతులు పెడతారు. ఆ తరగతికి వెళ్లిన రోజు వార్డులో ఇంకొక నర్సు తక్కువవుతుంది.

దేవతలకు జీతం అడగరు

రాక్షసి కంటే దేవతతో ప్రమాదం ఎక్కువ. మే 12 ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. ఆమె పుట్టింది 1820లో. మనకు ఆమె చేతిలో దీపం తెలుసు. ఆమె చేతిలో లెక్కల పుస్తకం కూడా ఉండేది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కంటే ఆసుపత్రి మురికి నుంచి వచ్చిన జబ్బులతోనే ఎక్కువమంది చనిపోతున్నారని ఆమె అంకెలు పోగుచేసి, రంగుల చిత్రపటాలు గీసి, ప్రభుత్వం ముందు పెట్టింది. లండన్‌లోని స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి మహిళ ఆమె. భారతదేశానికి ఒక్కసారి కూడా రాకుండా, ఇక్కడి సైనిక శిబిరాల పారిశుద్ధ్యం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అధికారులకు ఆమె దీపంతో ఇబ్బంది లేదు, లెక్కలతోనే వచ్చింది. మనం ఏటా దండ వేయడానికి దీపాన్నే ఎంచుకున్నాం.

దేవతను చేయడం వల్ల ఏం వస్తుందో కరోనా చూపించింది. 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి మనమంతా గడపల్లో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. మే 3న వైమానిక దళం హెలికాప్టరు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. ఆ వీడియో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. 2021 జులైలో, కరోనా కాలంలో ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న 1,640 మంది నర్సులను రాష్ట్ర ప్రభుత్వం తొలగించింది. వాళ్లు హైదరాబాద్ రోడ్ల మీద ధర్నా చేశారు, పోలీసులు పట్టుకెళ్లారు. ఆ వీడియో మీ ఫోనుకు వచ్చిందా? పూలు చల్లిన వీడియోకూ దీనికీ మధ్య పద్నాలుగు నెలలు.

దేవత ధర్నాకు దిగితే భక్తులకు నచ్చదు. ‘సేవ చేసేవాళ్లు జీతం కోసం కొట్లాడొచ్చా’ అని అడుగుతారు. బ్యాంకు ఉద్యోగి సమ్మె చేస్తే ఈ మాట ఎవరూ అనరు, ఆయన్ను ఎవరూ దేవుడని అనలేదు కాబట్టి.

మైల, మిషన్, సినిమా

ఈ చూపు ఫోనుతో పుట్టలేదు. మంత్రసాని కాలం నుంచి ఉంది. బిడ్డను పట్టడానికి ఆమె కావాలి, ఆ చేత్తో ఇచ్చిన నీళ్లు వద్దు. రక్తం, మలమూత్రాలు, పరాయి మగవాళ్ల ఒళ్లు, రాత్రిపూట ఇంటికి దూరం: మన సమాజం ఆడమనిషికి వద్దన్నవన్నీ నర్సింగ్‌లో పనిలో భాగం. అందుకే దక్షిణాదిలో ఈ వృత్తిలోకి మొదట వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. ఉన్నత కులాలవాళ్లు చాలాకాలం దూరంగా నిలబడ్డారు.

పాలమూరులోనూ ఆధునిక వైద్యం పల్లెలకు చేరిన దారుల్లో మిషన్ ఒకటి. అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో పనిచేసింది, తర్వాత జడ్చర్లలో ఆసుపత్రి నడిపింది. ఆ మిషన్ వైద్యురాలు కాథరీనా షెలెన్‌బర్గ్ 1907లో ఈ దేశానికి వచ్చి, 1945లో శంషాబాద్‌లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయింది. అప్పటి నిజాం రాజ్యంలో ఊరి బయటి వాడల ఆడపిల్లలకు చదువు, ఉద్యోగం, తెల్లబట్ట ఇచ్చిన చోట్లలో ఇలాంటి ఆసుపత్రులు ముందున్నాయి. ఊరికి ఆ తెల్లబట్ట మీద గౌరవమూ ఉండేది, దాని వెనక కులం మీద చిన్నచూపూ ఉండేది. ఈ రెండూ కలిసిన వింత చూపే ఇవాళ్టి వ్యాఖ్యల్లోనూ కనపడుతుంది.

సినిమా ఒకసారి మంచి ప్రయత్నమే చేసింది. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’లో సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. రోగులను బాగుచేయడానికి మనసు పెట్టీ పెట్టీ చివరికి ఆమె మనసే చెదిరిపోతుంది. నర్సు అలసిపోతుందనే మాట తెలుగు తెర మీద అంత గట్టిగా చెప్పిన చిత్రాలు అరుదు. తర్వాతి దశాబ్దాల్లో సినిమా నర్సుకు దొరికినవి ఎక్కువగా హాస్యనటుడికి సూది వేసే సన్నివేశాలు. రీల్స్ చేసేవాళ్లు అక్కడినుంచే నేర్చుకున్నారు, పాపం కొత్తగా ఏమీ కనిపెట్టలేదు.

నర్సులే తీసే రీల్స్

ఇక నర్సులే కెమెరా పట్టుకున్నప్పుడు. 2019 జూన్‌లో ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లా ఆసుపత్రిలో, నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో కొందరు నర్సులు టిక్‌టాక్ వీడియోలు తీసుకున్నారు. ఆటాపాటా, మధ్యలో పసికందులు. వీడియో దేశమంతా తిరిగింది, వాళ్లకు నోటీసులు అందాయి. 2020లో టిక్‌టాక్‌ను నిషేధించారు. యాప్ పోయింది, సరదా మిగిలింది.

ఇక్కడ రెండు సంగతులను విడదీయాలి. డ్యూటీ అయ్యాక హాస్టల్లో డ్యాన్సు చేస్తే అది ఆమె ఇష్టం. బ్యాంకు క్యాషియరుకు ఉన్న హక్కే ఆమెకూ ఉంది. రోగి ముఖం, కేస్ షీటు, ఇంక్యుబేటర్లో బిడ్డ కనపడితే అది తప్పు, ఎన్ని లైకులొచ్చినా తప్పే. ఈ సూత్రాన్ని చాలామంది వెంటనే ఒప్పుకుంటారు. అయితే అదే సూత్రం రోగి బంధువుకూ వర్తిస్తుంది. నర్సును నిలదీస్తూ తీసిన వీడియోలో పక్క మంచం మీద బట్ట తొలగిన ఆడమనిషి కనపడుతుంది. ఆమె అనుమతి ఎవరు తీసుకున్నారు? నర్సును తిట్టే హడావిడిలో ఆమె గురించి ఎవరికీ గుర్తుండదు.

ఇవి కాక నర్సులు చేసే వీడియోలు వేరే రకమూ ఉన్నాయి. నియామక పరీక్షకు పాఠాలు చెప్పేవాళ్లు, ఇన్సులిన్ సూది ఇంట్లో ఎలా వేసుకోవాలో చూపేవాళ్లు, జర్మనీలో వార్డు డ్యూటీ ఎలా ఉంటుందో తెలుగులో చెప్పేవాళ్లు. వీటిని ఎక్కువగా చూసేది మళ్లీ నర్సులే. వీణ సంగీతం లేదు కాబట్టి మిగతావాళ్లకు ఎక్కదు.

మాట ఒకటి, అడ్మిషన్ ఒకటి

ఫోనులో నర్సును తిట్టే ఇంట్లోనే ఇంటర్ బైపీసీ పాసైన బిడ్డ ఉంటే ఏం చేస్తారు? నర్సింగ్‌లో చేరుస్తారు. వలస కూలీలకు పేరుపడ్డ పాలమూరులో, తట్ట మోయని ఉద్యోగం ఆడపిల్లకు దొరికే దారుల్లో ఇది ఒకటి. జీఎన్‌ఎం అయితే మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇప్పుడు జిల్లాల్లోనే ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలు వచ్చాయి. గద్వాల పిల్ల హాస్టలు కోసం హైదరాబాద్ దాకా పోనక్కర లేదు.

గౌరవం ఎప్పుడు మారిందో చూడాలంటే నియామక ప్రకటనల తేదీలు చూడాలి. 2022 డిసెంబరు 30న 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వచ్చింది, తర్వాత పోస్టులు పెరిగాయి. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో 2,050 పోస్టులు. మధ్యలో 2023లో స్టాఫ్ నర్సు హోదా పేరు నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చారు. సర్కారు కొలువు రాగానే ‘రాత్రిళ్లు డ్యూటీలు, ఎట్లా చేసుకుంటం’ అన్న పెళ్లిళ్ల పేరయ్యలే ‘అమ్మాయి గెజిటెడా’ అని అడుగుతారు. కాదని చెప్పినా నొచ్చుకోరు, జీతం విన్నాక.

ప్రైవేటులో అదే పని, అదే చదువు, వేరే లోకం. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఒక కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. కమిటీ సిఫారసు ఇది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి. 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి, 50 నుంచి 100 ఉంటే ఇరవై అయిదు శాతానికి మించి తగ్గకూడదు. 50 పడకల లోపు ఉన్నచోట కూడా 20 వేలకు తగ్గకూడదు. మన మూడు పట్టణాల నర్సింగ్ హోములు ఎక్కువగా ఆ చివరి వరుసలోవి. సిఫారసును అమలుచేసే పని రాష్ట్రాలకు వదిలారు. సిఫారసంటే ఏమిటో ప్రైవేటు యాజమాన్యాలకు తెలుసు: వినదగినది, పాటించదగినది కాకపోయినా.

అందుకే అనుభవం రాగానే జర్మనీ, జపాన్, గల్ఫ్ వైపు చూస్తారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ స్వయంగా నర్సులకు జర్మన్ భాష నేర్పి పంపుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో నర్సులు 2.98 కోట్లమంది, వాళ్లలో 85 శాతం మహిళలు. చాలా దేశాలకు ఇంకా కావాలి. ఎవరికి కావాలో వాళ్లు మర్యాదగా పిలుస్తారు, జీతంతో.

సిగ్నల్ లేనిచోట

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్, లింగాల మండలాల వైపు నల్లమల లోపలికి వెళ్తే అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు, అంటే గూడేలు, ఉంటాయి. మైదానంలో అయిదు వేల మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, అడవుల్లో మూడు వేల మందికి ఒకటి అన్నది నిబంధన. అడవిలో మూడు వేల మందంటే ఒక ఊరు కాదు, కొండకొకటిగా చెదిరిన గుడిసెలు. ఏఎన్‌ఎం భుజాన టీకాల డబ్బా ఉంటుంది. లోపల చల్లదనం రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మంచు ప్యాకులు కరిగేలోపు ఆమె చేరాలి, టీకా వేయాలి, తిరిగి రావాలి. ఎండాకాలం దారి ఉంటుంది, వానాకాలం వాగు ఉంటుంది.

ఆ దారిలో చాలాచోట్ల ఫోను పనిచేయదు. అందుకే ఆమె మీద మంచి వీడియో లేదు, చెడ్డ వీడియో లేదు. ఎప్పుడైనా కలెక్టరు వెంట విలేకరులు వెళ్తే ఆమె వాగు దాటుతున్న ఫొటో వస్తుంది, శీర్షికలో మళ్లీ ‘దేవత’ అంటారు. వాగు మీద వంతెన అడగాల్సిన చోట ఆమె ధైర్యాన్ని పొగడడం మనకు చవక.

మరి తప్పు చేస్తే?

ఇంత చెప్పాక ఒక అనుమానం రావాలి: నర్సులను ఏమీ అనకూడదా? అనవచ్చు, అనాలి. కాన్పు గదిలో బూతులు తిట్టడం, చెయ్యి చేసుకోవడం, మందు మరచిపోవడం, పైసలడగడం తప్పులే. రోగి పేద కాబట్టి సర్దుకుపోవాలనడం అన్యాయం. తేడా ఎక్కడంటే ఫిర్యాదుకూ వీడియోకూ మధ్య. ఫిర్యాదులో తేదీ, షిఫ్టు వేళ, వార్డు, మంచం నంబరు, ఆమె పేరు బ్యాడ్జి ఉంటాయి. అది సూపరింటెండెంటుకు వెళ్లాలి, కదలకపోతే జిల్లా వైద్యాధికారికి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి. వీడియోలో ఇవేవీ ఉండవు, కోపం ఉంటుంది. కోపానికి సంజాయిషీ ఇవ్వాల్సిన అధికారి ఎవరూ లేరు కాబట్టి వీడియో అధికారులకు కూడా సుఖమే. ఎక్కువ గోల అయితే ఒకామెకు మెమో ఇస్తారు. ఖాళీ పోస్టు ఖాళీగానే ఉంటుంది.

చెయ్యి చేసుకునేవాళ్లకు ఒక మాట. ఆసుపత్రి సిబ్బంది మీద దాడుల నివారణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో చేసిన చట్టం తెలంగాణలోనూ ఉంది. నర్సులూ నర్సింగ్ విద్యార్థులూ దాని కిందికే వస్తారు. నేరం నాన్‌బెయిలబుల్, మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, పగలగొట్టిన వస్తువుకు రెట్టింపు ధర. వీడియో సాక్ష్యం మీరే తీసిపెట్టి ఉంటారు.

ఈసారి మీవాళ్లు దవాఖానలో పడుకుని ఉన్నప్పుడు ఒళ్లు మండితే, ఫోను తీసేముందు వేళ్ల మీద రెండు అంకెలు లెక్కపెట్టండి: ఈ వార్డులో ఎంతమంది రోగులు, ఈ షిఫ్టులో ఎంతమంది నర్సులు. బోధనాసుపత్రి అయితే షిఫ్టుకు తొమ్మిది మందికి ఒకరన్న లెక్కతో పోల్చండి. సరిపోతే ఆ నర్సు మీద ఫిర్యాదు రాయండి. సరిపోకపోతే ఆ రెండు అంకెల మీద రాయండి. దానికి లైకులు రావు, అర్జీ నంబరు వస్తుంది. నంబరు పడ్డ అర్జీకి ఎవరో ఒక అధికారి సంతకం పెట్టి జవాబు ఇవ్వాలి. వీడియోకు ఆ అవసరం ఇప్పటిదాకా ఏ అధికారికీ రాలేదు.